రెండు మూలలూ కంపెనీవే

మానుకోట బాక్సింగ్ ఆటలో హరిలాల్ ఎడమ కంట్లోంచి నీళ్లు ఆగకుండా కారుతుంటే అందరూ మిర్చి ఘాటే అనుకున్నారు. వాళ్ల తప్పు లేదు. మార్చి నెల. మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో ఫంక్షన్ హాలు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చూడవచ్చినవాళ్లలో సగం మంది ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నారు. ఆరు రౌండ్లు కొట్లాడి హరిలాల్ గెలిచాడు. రెఫరీ అతని చెయ్యి పైకెత్తగానే నెల్లికుదురు పక్క తండా నుంచి ట్రాక్టరులో వచ్చిన జనం ఈలలు వేశారు.

మూలలో నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డ రెడ్యా మాత్రం ఈల వేయలేదు. ఆయన హరిలాల్‌కు మేనమామ, గురువు కూడా. ఆయన చూపు మేనల్లుడి ముఖం మీద లేదు, కాళ్ల మీద ఉంది. రింగు మధ్య నుంచి మూలకు వస్తున్న హరిలాల్ ఎడమ కాలు, మసక వెలుతురులో పొలం గట్టు మీద నడిచేవాడి కాలులాగా, ముందు నేలను తడిమి చూసుకుని తర్వాత పడుతోంది.

మూడో రోజు ఇద్దరూ హనుమకొండ పోయి కంటి దవాఖానలో చూపించారు. కంటి వెనక పొర ఒక పక్క లేచిందని, తొందరగా ఆపరేషన్ చేయించుకుంటే నిలుస్తుందని, ఈలోపల ఇంకో దెబ్బ తగిలితే చూపు పోతుందని డాక్టరమ్మ చెప్పింది. దెబ్బ ఎట్లా తగిలిందంటే ట్రాక్టరు మీది నుంచి పడ్డాడని చెప్పారు. చెప్పింది రెడ్యానే.

బస్టాండులో చెరకురసం బండి దగ్గర హరిలాల్ మామ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క ఆట మామా. బెల్టు ఆట. అదొక్కటి అయిపోనీ, తెల్లారే వచ్చి ఆపరేషన్ టేబుల్ మీద పండుకుంట. యాడికి మాత్రం చెప్పకు. ఒట్టెయ్యి."

యాడి అంటే అమ్మ. హరిలాల్ తల్లి రామి, రెడ్యాకు సొంత అక్క. భర్త పోయాక మిర్చి ఏరబోయి, పత్తి తీయబోయి కొడుకును పెంచిన మనిషి. ఈ సంగతి తెలిస్తే గ్లౌజులు పొయ్యిలో పెడుతుంది.  రెడ్యా ఒట్టు వేశాడు కాని ఒక షరతు పెట్టాడు.

"మూలల నేనుంట. నీ కాలు తడుముకునుడు షురూ అయ్యిందంటె తువ్వాల ఇసురుత. అటెన్క నా మీద గరమైతె నడవది."

మూలలో ఉన్నవాడు తువ్వాల రింగులోకి విసిరితే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎవడి మూల నుంచి పడితే వాడు ఓడినట్టు. హరిలాల్ ఆలోచించి, సరేనన్నాడు.

రెడ్యా జీవితంలో ఎన్నడూ రింగులో కొట్లాడలేదు. ఇరవై ఏళ్లప్పుడు కూలికి పుణె పోయి, అక్కడొక బాక్సింగ్ అఖాడా ఊడ్చే పనిలో చేరాడు. చెమట తుడిచాడు, బకెట్లు మోశాడు, మెల్లగా మూల పని నేర్చుకున్నాడు. ఒక్క నిమిషం విరామంలో నెత్తురు ఎట్లా ఆపాలి, ఎన్ని గుక్కల నీళ్లు తాగించాలి, ఎవడికి తిట్టు పనిచేస్తుంది, ఎవడికి మంచి మాట పనిచేస్తుంది అన్నవి ఆయనకు బాగా తెలుసు. తిరిగొచ్చి చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మీద బొగ్గు పని చేస్తూ, సెలవు రోజుల్లో తండాకు వచ్చి మేనల్లుడికి నేర్పాడు. చింతచెట్టుకు ఇసుక బస్తా కట్టి మొదలుపెట్టిన చదువు అది.

నేర్పడం ఒక ఎత్తు, ఆట దొరకడం ఒక ఎత్తు. నాలుగేళ్లలో హరిలాల్‌కు దొరికినవి రెండే ఆటలు, చేజారినవే ఎక్కువ. ఒకసారి విజయవాడ దాకా పోయాక అవతలివాడి మేనేజరు వద్దన్నాడని వెనక్కి పంపారు. ఇంకోసారి పెద్ద పేరున్న కుర్రవాడు తండా పిల్లగాడితో కొట్లాడి ఓడితే తన పరువు పోతుందని మొండికేశాడు. అటువంటి రోజుల్లో జనగామ అఖిల్ పిడికిలి లీగ్ పెట్టాడు.

అఖిల్ వాళ్లది మూడు తరాల అడ్తి దుకాణం. రైతు తెచ్చిన వడ్లను, పత్తిని కొనేవాడికి అమ్మిపెట్టడం వాళ్ల పని. రైతు తరఫున బేరం చేసేది వాళ్లే, ఖరీదుదారు తరఫున బేరం చేసేది వాళ్లే. అటు ఇటు ఇద్దరూ నమ్మారు కాబట్టి దుకాణం నిలబడింది. అఖిల్ హైదరాబాదులో వ్యాపారం చదివి వచ్చి, దుకాణం వెనక ఖాళీగా ఉన్న పత్తి గోదాములో రింగు కట్టాడు. తండ్రి కృష్ణమూర్తి కాదనలేదు, ఔననలేదు. గోదాము తాళంచెవి మాత్రం ఇచ్చాడు.

బాక్సింగు మన దగ్గర ఎందుకు బతకడం లేదో అఖిల్ లెక్క అఖిల్‌కు ఉంది. ఇందులో ప్రతివాడికీ ఒక సొంత మనిషి ఉంటాడు. ఆ మనిషి వద్దంటే ఆట లేదు. సంఘానికొక బెల్టు, బెల్టుకొక మొనగాడు. అసలు మొనగాడెవడో తేలేలోపల అందరూ ముసలివాళ్లవుతారు. అదే ఇనుప జాలీ లోపల తన్ని, గుద్ది, కిందపడేసి కొట్లాడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చూడమనేవాడు. అక్కడ ఒకటే కంపెనీ. కొట్లాడేవాళ్లంతా దాని మనుషులే, బెల్టు దానిదే, ఎవడు ఎవడితో ఏ తారీఖున అన్నదీ దాని మాటే. వద్దనేవాడు ఉండడు కాబట్టి జనం అడిగిన ఆట జనానికి దొరుకుతుంది. ఆ పద్ధతి బాక్సింగులో ఎందుకు నడవదు? మూడు పట్నాల్లో నడిపి చూపిస్తే రాష్ట్రమంతా నడుస్తుందని అతని నమ్మకం.

ఆ నమ్మకం ఉత్తదేమీ కాదు. పన్నెండు మందిని ఒప్పందం మీద తీసుకున్నాడు. నెల జీతం, తిండి, దవాఖాన ఖర్చు. ఏడాదిన్నరలో హరిలాల్ ఏడు ఆటలు ఆడాడు. ఏ మేనేజరూ వచ్చి వద్దనలేదు. ఈ మాట రెడ్యా తండాలో పదిమందికి తనే చెప్పాడు.

మానుకోట ఆట తర్వాత రెండో ఒప్పందం వచ్చింది. మూడేళ్ల దాకా వేరే ఎక్కడా గ్లౌజు తొడగరాదు. బెల్టు గెలిచినా అది కంపెనీ సొత్తే. దాంతో పాటు కొత్త మాట ఒకటి చేరింది. ఇకనుంచి మూలలో ఉండే గురువులు కూడా కంపెనీ జీతగాళ్లే. సంతకం చేయనివాడు ఏ మూలలోనూ నిలబడకూడదు.

ఆ కాగితాన్ని అఖిల్ దుకాణంలోనే అందరికీ చదివి వినిపించాడు. కృష్ణమూర్తి పత్తి గింజను వేళ్ల మధ్య నలుపుతూ వింటున్నాడు. అంతా అయ్యాక ఒక్క మాట అడిగాడు.

"దడువాయి ఎవరు?"

యార్డులో బస్తాలు తూచేవాణ్ణి దడువాయి అంటారు. అఖిల్ నవ్వాడు. "గీడ తూకమేముంటది నాయినా. రెఫరీ ఉంటడు."

"ఆయనకు జీతమెవరిస్తరు?"

"కంపెనీయే."

"మూలల ఉండేటోళ్లకు?"

"కంపెనీయే. చదివిన గద."

 పెద్దాయన గింజ కింద పడేసి, ఎవరో రైతు వస్తే లేచి బయటికి పోయాడు.

రెడ్యా సంతకం చేశాడు. చేయకపోతే హరిలాల్ మూలలో చోటుండదు. ఇంకో సంగతీ ఉంది. చెల్పూర్‌లో కాంట్రాక్టు ముగిసి అప్పటికి ఐదు నెలలు. నలభై ఆరేళ్ల వయసులో ఎండలో నిలబడని పనికి నెల నెలా జీతం వస్తుందంటే ఆయన చెయ్యి కొంచెం తొందరగానే కదిలింది. ఆ తొందర ఆయనకు తర్వాత చాలా రోజులు గుర్తుంది.

పది రోజులకు గోదాము గోడ మీద మూలల పట్టిక అంటించారు. భూపాలపల్లిలో బెల్టు ఆట. నీలం మూల హరిలాల్‌ది, ఎర్ర మూల జనగామ నవీన్‌ది. నీలం మూలలో హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ట్రైనరు పేరు ఉంది. రెడ్యా పేరు ఎర్ర మూలలో ఉంది.

రెడ్యా పోయి అడిగాడు. అఖిల్ మర్యాదగానే చెప్పాడు. నవీన్ గురువు సంతకం చేయకుండా వెళ్లిపోయాడు. పైగా బంధువు మూలలో బంధువు ఉండకూడదన్నది కొత్త నియమం. ఫోన్లలో చూసేవాళ్లు రేపు ఏదైనా అనుమానం పడితే లీగ్ పేరు పోతుంది.

"మామా అల్లుళ్లు ఒక్క కాడ గూసుంటె అది పెండ్లి పందిరైతది రెడ్యన్నా, బాక్సింగ్ గాదు. అయినా నీకేంది పరేషాన్? రెండు మూలలూ మనయే గద."

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో ఏ కపటమూ లేదు. పుట్టినప్పటినుంచి చూసిన వ్యాపారమే అది. అటు మనమే, ఇటు మనమే, ఇద్దరికీ న్యాయమే.

ఆ రోజే రెడ్యా తండాకు పోయి ఆట మానుకుందామని మేనల్లుడికి చెప్పాడు. హరిలాల్ కల్లంలో బస్తాలు కుడుతున్నాడు. తలెత్తకుండానే మాట్లాడాడు. ఇప్పుడు మానితే ఒప్పందం ప్రకారం మూడేళ్లు ఎక్కడా ఆడనివ్వరు. తనకు ఇరవై ఏడు నడుస్తున్నాయి. మూడేళ్ల తర్వాత ఈ ఒళ్లు ఎవడికి కావాలి? కన్ను సంగతి చెబితే దాచినందుకు అసలుకే తీసేస్తారు. మామ ఎదురు మూలలో ఉన్నా పర్వాలేదు, తానే జాగ్రత్తగా ఉంటానన్నాడు. చివరికి సూది ఆపి, "ఒట్టేసినవ్ మామా," అన్నాడు. ఇంట్లోంచి రామి ఇద్దరికీ చాయ్ తెచ్చింది. తమ్ముడు చిక్కిపోయాడని, జనగామలో తిండి సరిగ్గా దొరకడం లేదా అని అడిగింది. రెడ్యా గ్లాసు తీసుకుని, దొరుకుతోందని చెప్పాడు.

నిజానికి తిండి బాగానే దొరుకుతోంది. నవీన్ తల్లి భాగ్యమ్మకు జనగామ బస్టాండు పక్కన టిఫిన్ సెంటరు ఉంది. కొడుకు కొత్త గురువని తెలిసిన రోజు నుంచి ఆమె రెడ్యా దగ్గర పైసలు తీసుకోలేదు. నవీన్ ఆట ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆట ఉన్న రోజు దుకాణం మూయదు కూడా. గిన్నెల చప్పుడులో ఫోను మోగినా వినబడకూడదని ఆమె ఆలోచన. మొదటిరోజే ఆమె బజ్జీల ప్లేటు రెడ్యా ముందు పెట్టి, "నాకు ఒక్కడే తమ్మీ. నీ చేతుల వెడ్తున్న," అంది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నవీన్‌కు ఇరవై మూడేళ్లు. ఫోనులో వేలమంది చూస్తారన్న మిడిసిపాటు కొంచెం ఉండేది కాని, పని దగ్గర బద్ధకం లేదు. ఒకసారి చెప్పింది మర్నాటికి పట్టేసేవాడు. అట్లాంటివాడికి నేర్పుతుంటే రెడ్యా తనను తాను మరిచిపోయేవాడు. మూడో వారంలో చేతులకు గుడ్డ పట్టీ చుట్టించుకుంటూ నవీన్ అడిగాడు.

"అన్నా, హరన్నకు నువ్వే నేర్పినవ్ గద. ఆయన తాన కమ్జోర్ ఏంది?"

రెడ్యా పట్టీ ఒక చుట్టు ఎక్కువ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు. "అలిసినంక కుడి చెయ్యి కిందికి దించుతడు," అన్నాడు.

అది నిజమే. తాను నేర్పిన పిల్లవాడి గుట్టు ఒకటి బయటపెట్టాడు, అసలు గుట్టు దాచాడు. ఆ ఒక్క మాటతో అటు మేనల్లుడికీ ఇటు శిష్యుడికీ సగం సగం ద్రోహం చేసినట్టు ఆయనకు అనిపించింది. రెండుసార్లు అఖిల్ దుకాణం మెట్ల దాకా పోయి, లోపలికి పోకుండానే తిరిగి వచ్చాడు.

మే నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం భూపాలపల్లిలో ఆట పెట్టారు. మొదటి షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికులు స్నానాలు చేసి నేరుగా వచ్చి కూర్చున్నారు. తండా నుంచి రెండు ట్రాక్టర్లు, జనగామ నుంచి ఒక బస్సు. రేకుల కింద హాలు పొయ్యిలా ఉంది. డాక్టరు ఇద్దరికీ నాడి చూసి, కళ్లలోకి లైటు వేసి చూసి సంతకం పెట్టాడు. అంత చిన్న లైటుకు ఆ వెనక పొర కనబడదని రెడ్యాకు తెలుసు. కృష్ణమూర్తి మొదటి వరసలో తెల్ల చొక్కాలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

ఎనిమిది రౌండ్ల ఆట. మొదటి మూడు హరిలాల్‌వే. ఎడమ చెయ్యి ముందుకు చాచి నవీన్‌ను దగ్గరికి రానివ్వలేదు. తల కొంచెం ఎడమకు తిప్పి, కుడి కంటితో చూస్తూ కొడుతున్నాడు. చూసేవాళ్లకు అదొక స్టైలులా ఉంది. నాలుగో రౌండులో అలుపు వచ్చింది. కుడి చెయ్యి దిగింది. నవీన్ నేర్చుకున్నది గుర్తుపెట్టుకుని రెండు దెబ్బలు కొట్టాడు. తండా జనం నెమ్మదించారు.

ఐదో రౌండు సగంలో హరిలాల్ ఎడమ కాలు నేలను తడిమింది.

రెడ్యా చెయ్యి దానంతట అదే భుజం మీది తువ్వాల మీదికి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, అది ఎర్ర మూల తువ్వాల అని. నీలం మూలలో ఉన్న హైదరాబాదు కుర్రవాడి వైపు చూశాడు. వాడు హరిలాల్ చేతులు చూస్తున్నాడు, గార్డు పైకెత్తమని అరుస్తున్నాడు. కాళ్లు చూడాలని వాడికి ఎవరు చెప్పారు?

గంట కొట్టగానే నవీన్ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"అన్నా, ఆయనకు ఎడమ పక్క కనవడ్తలేదు. నా కుడి చెయ్యి వచ్చుడు సూస్తనే లేడు. గిప్పుడు మొత్తం అటే కొడ్త. కొట్టాల్నా?"

గురువు చెప్పవలసిన జవాబు ఒకటే. ఇరవై ఏళ్లుగా ఏ మూలలో ఉన్నా ఆయన చెప్పిన జవాబు అదే. రెడ్యా నీళ్లు తాగించాడు, ముఖం తుడిచాడు, జవాబు చెప్పలేదు. ఎదురుగా కుర్ర ట్రైనరు హరిలాల్ కనుబొమ్మ మీది చిన్న గాటుకు వ్యాజిలిన్ రాస్తున్నాడు. రెడ్యా తాళ్ల మీదుగా వంగి వాడికి అరిచాడు, కన్ను చూడమని, ఆట ఆపమని. వాడు విన్నాడు. విని, ఎదుటి మూలవాడు భయపెట్టి ఆట గెలవాలని చూస్తున్నాడనుకుని, చెయ్యి ఊపి ముఖం తిప్పుకున్నాడు. రెఫరీ వచ్చి మూలలోనే ఉండమని రెడ్యాను హెచ్చరించాడు. హరిలాల్ కన్ను పోతోందని చెప్పబోతుంటే గంట మళ్లీ కొట్టారు.

ఆరో రౌండు మొదటి దెబ్బ ఎడమ కణత మీద పడింది. రెండోది దాని పక్కనే. హరిలాల్ పడలేదు. పడితే బాగుండేది, లెక్కపెట్టి ఆపేవారు. నిలబడి, లేని మనిషి కోసం గాలిలోకి గుద్దుతున్నాడు. నవీన్ ఒక అడుగు వెనక్కి వేసి, కాలు నిలదొక్కుకుని, కుడి చెయ్యి మొత్తం వెనక్కి తీశాడు. ఆ నిలదొక్కుకోవడం రెడ్యా నేర్పిందే.

ఎర్ర మూల నుంచి తువ్వాల లేచింది. ఇద్దరి మధ్యా పడింది.

 ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. గెలుస్తున్నవాడి మూల నుంచి తువ్వాల పడటం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. రెఫరీ ఆ తువ్వాలను, మూలను, మళ్లీ తువ్వాలను చూశాడు. నియమం నియమమే. ఆట ఆపి హరిలాల్ చెయ్యి పైకెత్తాడు. తండా ట్రాక్టర్ల వాళ్లు కూడా ఈల వేయలేదు.

నవీన్ వంగి తువ్వాల తీసుకున్నాడు. దాన్ని విప్పి చూశాడు, అందులో ఏదో రాసి ఉంటుందన్నట్టు. తర్వాత మూల దాకా నడిచి వచ్చాడు.

"నేను గెలుస్తున్న గదనే అన్నా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

రెడ్యా తాళ్ల కింద నుంచి దూరి హరిలాల్ దగ్గరికి పోయాడు.

బట్టలు మార్చుకునే గదిలోకి అఖిల్ తలుపు తోసుకుని వచ్చాడు. బయట జనగామ బస్సు వాళ్లు కుర్చీలు విసురుతున్నారు. ఎవరు ఏమిచ్చారని అడిగాడు రెడ్యాను. పందెం కట్టావా అని అడిగాడు. మేనల్లుడి కోసం లీగ్‌ను ముంచావా అని అడిగాడు. రెడ్యా, బెంచీ మీద కూర్చున్న హరిలాల్ ముందుకు అతన్ని తీసుకుపోయాడు. తన అరచేత్తో హరిలాల్ కుడి కన్ను మూశాడు.

"నీ వేళ్లు సూపెట్టు చిన్న సేటూ."

అఖిల్ రెండు వేళ్లు చూపించాడు. హరిలాల్ మాట్లాడలేదు. అఖిల్ చెయ్యి ఇంకా దగ్గరికి తెచ్చాడు. హరిలాల్ తల అటూ ఇటూ కదిపి, "కిటికీ ఏ దిక్కున్నదో ఎరుకైతుంది," అన్నాడు.

అఖిల్ చెయ్యి దించి అక్కడే బకెటు మీద కూర్చున్నాడు. ఎప్పటినుంచి అని అడిగాడు. మానుకోట నుంచి అని రెడ్యా చెప్పాడు, దవాఖాన సంగతి, ఒట్టు సంగతి, అన్నీ చెప్పాడు. దుకాణం మెట్ల దాకా రెండుసార్లు వచ్చి తిరిగిపోయానని కూడా చెప్పాడు.

హరిలాల్ మామ చేతిని కంటి మీది నుంచి తోసేశాడు. "నన్ను ఓడగొట్టి ఆపినా బాగుండు. గిట్ల గెలిపిచ్చి నా ఇజ్జత్ తీసినవ్ మామా. రేపు తండాల ఈ బెల్టు ఎవనికి సూపెట్టాలె?"

"నా శేతుల ఉన్నది ఒక్కటే తువ్వాల," అన్నాడు రెడ్యా.

తలుపు దగ్గర కృష్ణమూర్తి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు.  కారు తెప్పించి, హరిలాల్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టి, తానూ వెనక కూర్చుని పరకాల మీదుగా హనుమకొండ దాకా పోయాడు.

ఆపరేషన్ అయింది. చూపు కొంత మిగిలింది. వెలుతురు, మనిషి ఆకారం, ఎదురుగా వచ్చేది బండా పశువా అన్నంతవరకు. మళ్లీ గ్లౌజు తొడగడం మాత్రం ఇక లేదు. రామి దవాఖానలో ఎనిమిది రోజులు కొడుకు పక్కనే ఉంది. తమ్ముడు వచ్చిన మొదటిరోజు ఆమె అడిగింది ఒకటే.

"నీకు ముందుగాలనే తెలుసా?"

తెలుసన్నాడు. ఆమె ఆ తర్వాత అతని వైపు చూడలేదు. కొడుకుకు అన్నం కలిపి పెట్టేటప్పుడు మాత్రం గిన్నెలో కొంచెం మిగిల్చి, మాట్లాడకుండా బల్ల మీద తమ్ముడి వైపు జరిపేది.

జూన్‌లో, మొదటి వాన పడ్డాక, బెల్టును కంపెనీకి తిరిగి ఇవ్వడానికి రెడ్యా జనగామ వచ్చాడు. గోదాములో రింగు అలాగే ఉంది. తన ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు, ఆ మాట అఖిల్ నోటి నుంచి విని పోదామని వచ్చాడు. అఖిల్ బెల్టు తీసుకుని అల్మారాలో పెట్టాడు. నవీన్‌కు ఇస్తారా అని రెడ్యా అడిగితే, ఇస్తానన్నా అతను తీసుకోలేదని చెప్పాడు. పన్నెండు మందిలో నలుగురు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో మళ్లీ మొదలుపెడుతున్నాడు. మనిషి కొంచెం తగ్గాడు, మాట కూడా నిదానించింది.

అతను కొత్త ఒప్పందం కాగితాలు రెడ్యా ముందుకు జరిపాడు. తారీఖులు, బెల్టు, ఎవడు ఎవడితో అన్నది, అన్నీ ఇంకా కంపెనీవే. అవి లేకుండా లీగ్ నడవదని ఇప్పటికీ అతని మాట. కాని చివరి పేజీలో అచ్చు కొట్టిన ఒక పేరా అడ్డంగా కొట్టేసి, పైన చేత్తో రాశాడు. మూలలో ఉండే మనిషిని, బంధువైనా సరే, బాక్సరే పెట్టుకోవాలి. ఆ మనిషి కంపెనీ దగ్గర ఏమీ తీసుకోరాదు.

"నాయిన అడిగింది నాకు గా దినం సమజ్ కాలే," అన్నాడు అఖిల్. "మా యార్డుల అటూ ఇటూ మేమే ఉంటం గని, తూకమేసెటోడు మా దగ్గర జీతం దీస్కోడు."

రెడ్యా కాగితాలు తిప్పుతుంటే నవీన్ ఒప్పందం కనబడింది. మూల మనిషి పేరు అన్న చోట నీలం సిరాతో రాసి ఉంది: భాగ్యమ్మ.

"గామెకు బాక్సింగ్ ఏమెరుక?"

"నేను గూడ గదే అడిగిన. ఆట ఆపుడు ఎరుకైతె సాలన్నడు."

రెడ్యా లేచి బస్టాండు దాకా నడిచాడు. టిఫిన్ సెంటరులో ఉదయం రద్దీ అప్పుడే తగ్గింది. నవీన్ గల్లా దగ్గర ఉన్నాడు. రెడ్యాను చూసి లేచి వెనక గదిలోకి పోయాడు, తలుపు మాత్రం వేసుకోలేదు. రెడ్యా బయటి బల్ల మీద కూర్చున్నాడు. తిట్టినా పడదామని వచ్చాడు. భాగ్యమ్మ పెనం మీద నీళ్లు చల్లి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. ఈసారి ప్లేటు పెట్టలేదు.

"నా కొడుకును నీ చేతుల వెట్టిన," అంది.

"వెట్టినవ్ అక్కా."

"నీ మ్యానల్లుడు గాక ఆడ నా కొడుకు కన్నే పోతుండెననుకో. ఇసురుదువా?"

"ఇసురుదును."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. వెనక గదిలో ఏదో గిన్నె జరిగిన చప్పుడైంది. ఆమె బల్ల మీద ఉన్న టేబుల్ గుడ్డను తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"శ్రావణంల ఆట వెడ్తరట. నేనుండాల్నట మూలల. నాకు సూసే ధైర్నం లేదు, గని ఉంట. గీ గుడ్డ ఎప్పుడు ఇసరాల్నో జెర నేర్పు."

 రెడ్యా చెప్పడం మొదలుపెట్టాడు.

"మొకం సూడకు అక్కా. మొకం అబద్ధమాడ్తది. కాళ్లు సూడు."